మొహాలు చూస్తే నవ్వే మా బావ

మా బావకు భయం వేస్తే నవ్వొస్తుంది. ఈ మాట వినగానే ఎవరైనా నవ్వుతారు, నాకు తెలుసు. నవ్వుకోండి. ఏళ్ల తరబడి ఆ నవ్వుతో వేగిన వాళ్లం మేము, మాకిక రోషం మిగల్లేదు.

నవ్వంటే ఏదో పెదవి కదపడం కాదు. భయపడితే కొందరికి చెమటలు పడతాయి, కొందరికి నాలుక పిడచగట్టుకుపోతుంది. ఈయనకు పొట్టలో మొదలై, భుజాలు ఊపేసి, చివరికి కళ్లనీళ్లతో గానీ బయటపడదు. బళ్లో హెడ్మాస్టరు బెత్తం ఎత్తితే నవ్వి ఇంకో రెండు దెబ్బలు ఎక్కువ తిన్నాడట. మా అక్కను చేసుకుంటానని అడగడానికి వచ్చిన రోజు నాన్న గొంతు సవరించుకుని, ఏం చేస్తుంటావు బాబూ అన్నాడు. అంతే, మొదలైంది. నాన్న నొచ్చుకుని లోపలికి వెళ్లిపోయాడు. అక్క మాత్రం ఇంత నవ్వుమొహం మనిషిని ఎక్కడా చూడలేదని పట్టుబట్టి మరీ చేసుకుంది. పాపం, ఆ మనిషి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నవ్వుతున్నాడని దానికేం తెలుసు?

బావ వాళ్లమ్మ, అంటే మా అత్తయ్య, ఇంకో సంగతి చెబుతుంది. బావ నాన్న పోయిన రోజు ఈయన గోడ చాటుకు పోయి నిలబడ్డాడట. ఏడుపు దాచుకోవడానికని అందరూ జాలిపడ్డారు. అది నవ్వని తెలిసిన ఆవిడ ఒక్కతే వెనకాలే వెళ్లి, వీపు నిమురుతూ, ఎవరూ రాకుండా కాపలా కాసిందట.

అలాంటి మనిషికి దేవుడు సరైన ఉద్యోగమే ఇచ్చాడు. సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటరు. మేడమీద అగ్గిపెట్టెంత గది, గోడకు జానెడు కిటికీ, అందులోంచి తెరమీదికి వెలుగు. కిందికి చూస్తే వందలమంది జనం ఉన్నా ఒక్కడి మొహం కనపడదు, అన్నీ వెనక తలలే. ప్రపంచంలో తనకు మనుషుల వెనక తలలంత నచ్చినవి లేవని బావ ఒకసారి చాలా సీరియస్‌గా చెప్పాడు.

ఆ హాలు మూతపడింది. తెర దించేసి, కుర్చీలు పీకేసి, ఫర్నిచర్ షాపు పెట్టారు. బావ ఇంట్లో పడ్డాడు. మొదట్లో మాకు పండగలాగే ఉంది. ఫ్యాను బాగుపడింది, ఇస్త్రీపెట్టె బాగుపడింది, వీధిలో వాళ్ల రేడియోలన్నీ బాగుపడ్డాయి. చెడిపోయినవన్నీ అయిపోయాక బాగున్న వాటిని విప్పడం మొదలుపెట్టాడు. అక్క బట్టలు కుడుతుంది. ఈయన కుట్టుమిషను వైపు చూసిన రోజు అది కత్తెర చేతిలోకి తీసుకుని మిషనుకు అడ్డంగా నిలబడింది. బావ స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని వెనక్కి వెళ్లిపోయాడు.

ఇంటర్వ్యూలకు వెళ్లలేదని కాదు. రెండు చోట్లకు వెళ్లాడు. ఒకచోట మేనేజరు తన పేరు చెప్పగానే ఈయన నవ్వు ఎత్తుకున్నాడు. నా పేరులో అంత నవ్వాల్సిందేముందని ఆయన చిందులు తొక్కాడట. ఇంకోచోట మంచినీళ్లు ఇచ్చి, వీపు తట్టి, ఇంటికి ఆటో పిలిచారు. ఆ తర్వాత బావ ఇంక ఎక్కడికీ వెళ్లనన్నాడు. అప్పుడే ఫర్నిచర్ షాపు ఓనరు కబురు చేశాడు. పాత మనిషివి కదా, వచ్చి సోఫాలు అమ్ము, నెలాఖరు సోమవారానికల్లా ఏ సంగతీ చెప్పు అని. తెర ఉండే చోట నిలబడి, ట్యూబులైట్ల కింద, వచ్చిన ప్రతి మొహానికీ ఎదురెళ్లి సోఫాలు అమ్మాలి. ఆ కబురు విన్న రోజు బావ నవ్వనూ లేదు, అన్నం తిననూ లేదు.

సరిగ్గా అప్పుడే పేపర్లో ప్రకటన పడింది. నక్షత్రశాలలో ఆపరేటరు కావాలని. గుండ్రటి కప్పు కింద జనాన్ని కూర్చోబెట్టి, దీపాలు ఆర్పి, యంత్రంతో కప్పు మీద ఆకాశమంతా చూపిస్తారే, అది. బావ ఆ ముక్క కత్తిరించి కుట్టుమిషను మీద పెట్టి, పెరట్లోకి పోయాడు. అక్క నాకు కబురు పెట్టింది. నేను పక్క వీధిలోనే ఉంటాను, బళ్లో లెక్కలు చెబుతాను. మా బడిలో నా వెనకాల నన్నేమని పిలుస్తారో నాకు తెలుసు గానీ ఇక్కడ చెప్పను. ప్రకటన చదివాను. ప్రొజెక్టర్ మీద అనుభవం ఉండాలి, సరే. నలుగురి ముందు మాట్లాడే నేర్పు ఉండాలి. అక్కడే పడింది మెలిక.

పెరట్లోకి వెళ్లి, బావా, వెళ్తావా అని అడిగాను. బావ నా మొహం చూడకుండా తోటకూర మళ్ల వైపు చూస్తూ అన్నాడు.

"ఇదొక్కటి రావాలి టీచరమ్మా. మళ్లీ చీకట్లో కూర్చోవాలి. వెలుతురులో నేను దేనికీ పనికిరావడం లేదు."

జాలేస్తే నాకు కోపం వస్తుంది, అది నా జబ్బు. దరఖాస్తు నేను రాసి పంపుతాను, రేపటినుంచి ప్రాక్టీసు, సాయంత్రం సరిగ్గా టైముకు ఇంటి హాల్లో ఉండాలని అరిచి వచ్చేశాను.

ఇంటర్వ్యూ బోర్డుకు చైర్మన్ కావాలి కదా. అక్కావాళ్ల పక్కింట్లో కోర్టు గుమాస్తా గారున్నారు. రిటైరయ్యారు గానీ గొంతు ఇంకా కోర్టులోనే ఉంది. ఆయన కాఫీ కావాలన్నా ముద్దాయిని పిలిచినట్టే ఉంటుంది. ఆయన చైర్మన్, నేను మెంబరు. మూడో కుర్చీలో ఎవరూ పిలవకుండానే అత్తయ్య వచ్చి కూర్చుంది, బయటికెళ్లే చీర కట్టుకుని మరీ. బావ తలుపు దగ్గర నమస్కారం పెట్టాడు. గుమాస్తా గారు ఇంకా నోరు విప్పలేదు, అత్తయ్యే మొదటి ప్రశ్న వేసేసింది. పెళ్లయిందా బాబూ అని. కన్నకొడుకుని! నీకు తెలీదా అమ్మా అన్నాడు బావ. ప్రశ్నకు జవాబు చెప్పాలి గానీ ఎదురు ప్రశ్న వేయకూడదని గుమాస్తా గారు బల్ల గుద్దారు. తర్వాత ఆవిడ, మీ అమ్మగారిని బాగా చూసుకుంటావా, మోకాళ్లకు మందు టైముకు తెచ్చిపెడతావా అని అడిగింది. బావ అప్పటికే కుర్చీలోంచి జారి నేలమీద ఉన్నాడు.

ఆ రోజుకు బోర్డు వాయిదా పడింది.

ఇక మందులు మొదలయ్యాయి. ఏదైనా బాధాకరమైన సంగతి తలుచుకోమంది అక్క. తలుచుకున్నాడు. సోఫాలు తలుచుకున్నాడట, భయమేసి ఇంకా నవ్వొచ్చింది. తొడ గిల్లుకోమని నేను చెప్పాను. రెండు రోజులకు తొడ కమిలిపోయింది, నవ్వు మాత్రం అలాగే ఉంది. నోట్లో అల్లం ముక్క పెట్టుకుంటే ఘాటుకు నవ్వు రాదని అత్తయ్య చెప్పింది. ఆ అల్లం ముక్క వెళ్లి గుమాస్తా గారి కళ్లద్దాల మీద పడింది. ఆయన అద్దాలు తుడుచుకుంటూ, అందుకే పెద్దలు నవ్వు నాలుగు విధాల చేటన్నారని గంభీరంగా అన్నారు. బావ కళ్లు తుడుచుకుంటూ, ఏవండీ ఆ నాలుగు అని వినయంగా అడిగాడు. గుమాస్తా గారు నోరు తెరిచారు. మూశారు. పైకి చూశారు. ఒకటి, అన్నారు. అక్కడే ఆగిపోయారు. ఆ మాటకు మొదట నవ్వింది అక్క, ఆ తర్వాత నేను. చివరికి గుమాస్తా గారి బొజ్జ కూడా ఊగడం నా కళ్లతో చూశాను.

అయ్యవారిని చేయబోతే కోతి అయిందన్నట్టు, బావకు నవ్వు మాన్పించడానికి కూర్చున్న వాళ్లం అందరం నవ్వడం నేర్చుకుంటున్నాం. నాకు తిక్క రేగింది. ఇలా అయితే సోఫాలే గతి అనేశాను. అనకూడని మాట. బావ మొహం మాడిపోయింది. లేచి, హాల్లో ట్యూబులైటు మిణుకుమంటోందని వంక పెట్టి, స్టూలెక్కి మాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

అప్పుడు గుమాస్తా గారు తనలో తను గొణుక్కున్నట్టుగా అన్నారు. అసలు ఇతనికి ఈ ఉద్యోగమే ఎందుకు కావాలో కూడా చెప్పలేకపోతే బోర్డు ఏం చేస్తుంది పాపం, అని.

స్టూలు మీది నుంచి జవాబొచ్చింది. గోడకేసి చూస్తూనే, ట్యూబు తిప్పుతూనే, బావ చెప్పుకుపోయాడు. చీకటి పడగానే హాల్లో వందమంది ఒక్కసారిగా మాటలాపుతారే, ఆ క్షణం కోసం తను ఇన్నేళ్లూ పని చేశానన్నాడు. పైనుంచి వెలుగు వదిలేది తనేనని వాళ్లకు తెలియకపోయినా ఫర్వాలేదన్నాడు. తడబాటు లేదు, నవ్వు లేదు. మాట మాటకీ మధ్య ఎంత ఆగాలో అంతే ఆగుతున్నాడు. ట్యూబు వెలిగింది. బావ ఇటు తిరిగాడు. మా నాలుగు మొహాలూ చూసి కిసుక్కుమన్నాడు.

దొరికింది కిటుకు. మొహం కనపడకపోతే ఈ మనిషి బంగారం.

లెక్కల టీచరు బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. కుర్చీని ముందు పూర్తిగా గోడవైపు తిప్పుదాం. అక్కడ నదురూ బెదురూ లేకుండా జవాబులు వచ్చాక, రోజుకు కాస్త చొప్పున బోర్డు వైపు తిప్పుకుంటూ వద్దాం. కుర్చీ పూర్తిగా ఇటు తిరిగేసరికి మనిషికి మొహాలు అలవాటు పడతాయి. కోణమానిని తెచ్చి నేలమీద సుద్దముక్కతో గీతలు గీశాను. అక్క ఆ గీతల మీద కుట్టుమిషను జరపకూడదని ఉత్తర్వులు జారీ చేశాను. ఇంత శాస్త్రీయంగా ఇంటర్వ్యూకు సిద్ధమైన మనిషి భూప్రపంచంలో ఇంకొకడు ఉండడని గుమాస్తా గారు కూడా ఒప్పుకున్నారు.

పద్ధతి అద్భుతంగా నడిచింది. బావ వచ్చేవాడు, నమస్కారం పెట్టేవాడు, కుర్చీ ఎత్తి తిప్పుకుని, మాకు వీపు చూపిస్తూ కూర్చునేవాడు. ఏం అడిగినా జవాబే. అత్తయ్య మోకాళ్ల మందు గురించి అడిగినా జవాబే. నాలుగో గీతకు వచ్చేసరికి మాత్రం ఓరగా గుమాస్తా గారి చెవి కనపడింది. చెవి కనపడగానే భుజాలు కదిలాయి. చెవిలో ఏముందయ్యా అని ఆయన బాధపడ్డారు. మళ్లీ మూడో గీతకు వెళ్లాం.

అక్కడుండగా ఫోనొచ్చింది. శనివారం జరగాల్సిన ఇంటర్వ్యూ ఏదో కారణం వల్ల ముందుకు జరిగిందట, నక్షత్రశాల వాళ్లు రేపే రమ్మన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఇంకా గీతలు సగం పైనే మిగిలి ఉన్నాయి. నేను బావను కూర్చోబెట్టి, వాళ్ల తలల మీదుగా గోడకేసి చూడు, కిటికీ ఉంటే కిటికీ చూడు, గడియారం ఉంటే గడియారం చూడు, కిందికి మాత్రం దిగకు అని నూరిపోశాను. బావ తలూపాడు. ఆ ఊపులో నాకు నమ్మకం కలగలేదు. అందుకే బడికి సెలవు పెట్టి నేనూ బయలుదేరాను. ఒంటరిగా పంపిస్తే ఈయన సగం దారిలో బస్సు దిగి వెనక్కి వచ్చేసే రకం.

నక్షత్రశాల వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. మాతో పాటు టై కట్టుకున్న కుర్రాడొకడు కళ్లు మూసుకుని ఏదో వల్లె వేస్తున్నాడు. బావ అతన్ని చూసి కిసుక్కుమనబోతే మోచేత్తో పొడిచాను. పేరు పిలిచారు. బావ లేచి చొక్కా సర్దుకుని లోపలికి వెళ్లాడు. తలుపు పైభాగం అద్దం. అది పూర్తిగా మూతపడలేదు కూడా. చూడకూడదని అనుకుంటూనే లేచి అద్దంలోంచి చూశాను.

బల్ల వెనక ముగ్గురు. నడుమ పొట్టి జుట్టు పెద్దావిడ, డైరెక్టరు కాబోలు. ఒక పక్క బట్టతలాయన, ఇంకో పక్క నల్ల కళ్లద్దాల ఫ్రేమాయన. బావ నమస్కారం పెట్టాడు. భేష్. డైరెక్టరుగారు కూర్చోమని చెయ్యి చూపించింది. బావ కుర్చీ దగ్గరికి వెళ్లాడు. రెండు చేతులా ఎత్తాడు. వద్దు బావా, వద్దు బావా అనుకుంటున్నాను. ఆ మహానుభావుడు ఇంట్లో రోజూ చేసినట్టే, ఎంతో పొందిగ్గా, కుర్చీని పూర్తిగా వెనక్కి తిప్పి, బోర్డుకు వీపు పెట్టి, తలుపుకేసి కూర్చున్నాడు.

తలుపుకేసి! అంటే నాకేసి. ఇంకొక్క క్షణమైతే అద్దంలో నా మొహం కనపడుతుంది, కనపడితే ఇక అయిపోయినట్టే. చేతిసంచి తలకు తొడుక్కుని, ఉన్నచోటే గోడవారకు చతికిలబడ్డాను. సంచిలో టిఫిన్ డబ్బా నెత్తికి తగిలి ప్రాణం పోయింది. వరండాలో అటెండరు వచ్చి, ఏమ్మా, ఒంట్లో బాలేదా అని అడిగాడు. సంచిలోంచే బాగానే ఉందన్నాను. ఆయన టై కుర్రాడి పక్కకు వెళ్లి నిలబడ్డాడు.

మాటలు మాత్రం వినబడుతున్నాయి. నల్ల ఫ్రేమాయన గొంతు అనుకుంటాను, ఇదేం పద్ధతి, ఇటు తిరగండి అన్నాడు. ఆ తర్వాత బావ గొంతు.

"క్షమించండి సార్. అలవాటులో తిప్పేశాను. కానీ ఇటే ఉండనివ్వండి. నాకు భయమేస్తే నవ్వొస్తుంది, మొహాలు చూస్తే భయమేస్తుంది. మీ మొహాలని కాదు, ఎవరివైనా అంతే. ఈ ఉద్యోగం నాకు చాలా కావాలి సార్. అందుకే మిమ్మల్ని చూడలేను."

సంచిలో నాకు కళ్లు చెమ్మగిల్లాయి. ఇన్నేళ్లలో ఈ మనిషి బయటివాళ్ల దగ్గర ఈ మాట ఒప్పుకోవడం ఇదే మొదటిసారి. నల్ల ఫ్రేమాయన ఇంకేదో అనబోతుంటే డైరెక్టరుగారి గొంతు అడ్డొచ్చింది. మధ్యలో యంత్రం ఆగిపోతే ఏం చేస్తారని అడిగింది, ఏమీ జరగనట్టు.

బావ చెప్పాడు. పెళ్లికి ముందు వేరే ఊళ్లో చిన్న హాల్లో పనిచేస్తుండగా ఒకరోజు సినిమా సగంలో కరెంటు పోయిందట. హాలంతా కటిక చీకటి. ముందు వరసల్లో చిన్నపిల్లలు ఏడుపందుకున్నారు. జనం తలుపులవైపు తోసుకోవడం మొదలైంది. ఆ సినిమా తనకు కంఠతా వచ్చు. జానెడు కిటికీలో మొహం పెట్టి, కూర్చోండి, మిగతా కథ నేను చెప్తానని అరిచాడట. చెప్పాడు. హీరోలా, విలన్‌లా, ముసలమ్మలా, గుర్రంలా. ఏడ్చే పిల్లలు ఆగారు. కరెంటు వచ్చి బొమ్మ పడితే, కాసేపు ఆపండి, అతన్ని చెప్పనివ్వండని జనం గోల చేశారట.

ముందు మిషను సంగతి కాదండీ, ముందు చీకట్లో ఉన్న మనుషుల సంగతి చూడాలి అని ముగించాడు.

నేను సంచి తీసేశాను. ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. అక్కకు చెప్పాడా? చెప్పుంటే అది నాకు చెప్పకుండా ఉంటుందా? గుర్రంలా అరిచాడట! మా ఇంట్లో ఉప్పు కావాలన్నా వేలితో చూపించే మనిషి.

ఆ తర్వాత బట్టతలాయన, నక్షత్రాల గురించి మీకేం తెలుసని అడిగాడు. బావ ఏమీ తెలియదన్నాడు. నేర్పిస్తే నేర్చుకుంటాను, నేర్చుకున్నది చెప్పగలనన్నాడు. నేర్పడానికి నేనున్నాను లెండి అన్నాడాయన, నేను చెబుతుంటే పిల్లలు నిద్రపోతున్నారు, అదే బాధ. లోపల ఎవరో నవ్వారు. బావ కాదు. ఆ గొంతు నల్ల ఫ్రేమాయనదని నేను ఏ బల్ల మీదైనా గుద్ది చెప్పగలను.

బావ బయటికొచ్చి నా పక్కన కూర్చున్నాడు. కుర్చీ తిప్పేశాను టీచరమ్మా అన్నాడు. చూశానులే అన్నాను. టై కుర్రాడు వెళ్లాడు, వచ్చాడు. ఇంకొందరు వెళ్లారు, వచ్చారు. వెళ్లిపోదామని బావ రెండుసార్లు లేచాడు, నేను రెండుసార్లూ చొక్కా పట్టి లాగాను.

చివరికి తలుపు తెరుచుకుని డైరెక్టరుగారు తనే బయటికొచ్చింది. మా ఎదురుగా వచ్చి నిలబడబోయి, ఆగింది. చుట్టు తిరిగొచ్చి బావకు అటుపక్క బెంచీ మీద కూర్చుంది. ముగ్గురం వరసగా ఎదుటి గోడకేసి చూస్తున్నాం. ఆ గోడ మీద ఏమీ లేదు, సున్నం తప్ప.

"మా హాల్లో అందరూ పైకి చూస్తారు," అంది ఆవిడ గోడతో. "ఆపరేటరు అందరికీ వెనక కూర్చుంటాడు. మీకు సరిపోతుంది. ఎప్పటినుంచి వస్తారు?"

బావ సోమవారం అన్నాడు. సోఫాలకు జవాబు చెప్పాల్సిన సోమవారం. ఆ మాట అన్నాక, అన్నది తనేనని తెలిసినట్టుంది, కదలకుండా కూర్చున్నాడు. ఆవిడ లేచి వెళ్లిపోయింది. తలుపు మూసుకుంది. అప్పుడు మొదలైంది నవ్వు. పొట్టలోంచి, భుజాల్లోంచి, కళ్లనీళ్లతో. ఏమైంది ఇప్పుడు, వచ్చింది కదా అన్నాను. వచ్చింది కాబట్టే, సోమవారం నుంచి చేయాలి కదా అన్నాడు వెక్కుతూ. నాకూ అంటుకుంది. లెక్కల టీచర్ని, నలుగురూ చూస్తుండగా నక్షత్రశాల వరండాలో బెంచీ పట్టుకుని నవ్వాను. అటెండరు ఈసారి దగ్గరికి కూడా రాలేదు.

బస్సులో దారి పొడుగునా అదే నవ్వు. కండక్టరు టికెట్లు ఇస్తూ తనూ నవ్వాడు, ఎందుకో తెలియకుండానే. సందు మలుపు తిరిగేసరికి మా వాళ్లంతా గుమ్మంలో ఉన్నారు. బావ నవ్వుతూ రావడం చూడగానే అత్తయ్య కుప్పకూలింది. ఈ నవ్వుంటే పని చెడినట్టే అని ఆవిడ లెక్క, ఇన్నేళ్ల అనుభవం మరి. పోనీలే నాన్నా, సోఫాలైతే ఏం, కూర్చునే వస్తువులే కదా అని కొడుకు వీపు నిమరడం మొదలుపెట్టింది. గుమాస్తా గారు, పైకోర్టుకు వెళ్దాం, దిగులు పడకండి అంటున్నారు. నేను చెబుదామని నోరు తెరుస్తాను, నవ్వొస్తుంది. బావ చెబుదామనుకుంటాడు, నవ్వొస్తుంది. అక్క ఒక్కతే నా మొహంలోకి ఓసారి చూసి, లోపలికి వెళ్లి, టీకి నీళ్లు పెట్టింది. గ్లాసులు కడుగుతూ భుజంతో కళ్లు తుడుచుకోవడం గుమ్మంలోంచి నేను చూశాను. దానికి అర్థమైపోయింది.

బట్టతలాయన కొన్ని వారాలు నేర్పాడు. పుస్తకాలిచ్చాడు. బావ పెరట్లో కూర్చుని గోడకు నక్షత్రాల కథలు చెప్పుకునేవాడు. తర్వాత ఒక ఆదివారం, నలుగురం రావచ్చని పాసులు తెచ్చి కుట్టుమిషను మీద పెట్టాడు.

వెళ్లాం. గుండ్రటి హాలు, వెనక్కి వాలే కుర్చీలు. బావ ఎక్కడున్నాడో కనపడలేదు, వెనకెక్కడో. హాలు నిండా పిల్లలు, ఒకటే గోల. అత్తయ్య కొడుకు కోసం మెడ తిప్పి తిప్పి చూస్తుంటే, ముందుకు చూడండమ్మా, బోర్డుకు ఇబ్బంది అన్నారు గుమాస్తా గారు. దీపాలు మెల్లగా తగ్గాయి. పూర్తిగా చీకటి. వందమంది ఒక్కసారిగా మాటలాపారు.

ఆ చీకట్లోంచి ఒక గొంతు, తొందర లేకుండా, అందరూ తల వెనక్కి ఆనించండి అంది. పక్కన కూర్చున్నవాళ్లు కనపడకపోయినా భయపడొద్దు, ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు అంది. ముందు వరసలో ఎవరో చంటిది ఏడవబోయి ఆగింది. అప్పుడు పైన ఒక్క నక్షత్రం వెలిగింది. ఆ గొంతు దాని కథ ఎత్తుకుంది. నడిచే కథ, మధ్యలో ఆగే కథ, పిల్లలు 'ఆ తర్వాత' అని అడిగే దాకా ఆగే కథ. మధ్యలో ఒకచోట గుర్రం కూడా సకిలించింది.

అక్క నా చెయ్యి పట్టుకుంది. వేళ్లు నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది. నా చెవి దగ్గరికి వంగి అంది.

"ఈయన ఇలా మాట్లాడతాడని నాకు తెలీదే."

ఇన్నేళ్ల కాపురం. నేను ఆ చేతి మీద నా రెండో చెయ్యి వేశాను.

ఆట అయిపోయింది, దీపాలు వచ్చాయి. పిల్లలు తోసుకుంటూ బయటికి పరిగెత్తారు. గుమాస్తా గారు నిద్రలోంచి లేచిన అత్తయ్యను నడిపించుకుని వెళ్తున్నారు. నేను లేచి అక్కను రమ్మన్నాను. అది కుర్చీలోంచి కదల్లేదు. తల వెనక్కి ఆనించి, తెల్లటి కప్పుకేసి చూస్తూనే ఉంది.

"మీరు పదండే," అంది. "నేను ఇంకో ఆట విని వస్తాను."